లీటరు ఇంజనుకు ఆయిలే ప్రాణం

సెకండ్ హ్యాండ్ కారు కొందామనుకుంటున్నవాళ్లు ఈమధ్య తరచు అడుగుతున్నారు: "లీటరు టర్బో పెట్రోలు బండి తీసుకోవచ్చా అండీ? అంత చిన్న ఇంజను ఎన్నాళ్లు మన్నుతుంది?" తీసుకోవచ్చనే నేనంటాను. కాకపోతే దానికో షరతుంది. ఆ షరతు ఎందుకో అర్థం కావాలంటే ఇంజను లోపలికి కాస్త తొంగిచూడాలి. ఊరికే టర్బోలన్నిటినీ కలిపి మాట్లాడుకోవడం దేనికి? మన రోడ్ల మీద బాగా తిరిగిన ఇంజనునే ఒకదాన్ని పట్టుకుందాం. 2013లో ఎకోస్పోర్ట్‌తో మన దేశానికొచ్చిన ఫోర్డ్ లీటరు ఎకోబూస్ట్ అది.

ముందే చెప్పేస్తున్నా, ఆ ఇంజనంటే నాకు గౌరవం. మూడు సిలిండర్లు, 999 సీసీ. బ్లాకును ఏ4 కాగితం మీద నిలబెట్టొచ్చు. మొత్తం ఇంజను బరువు వంద కిలోల లోపే. అందులోంచి 125 పీఎస్ శక్తి, 170 న్యూటన్ మీటర్ల టార్క్ రాబట్టారు. అప్పట్లో అదే ఎకోస్పోర్ట్‌లో టర్బో లేని ఒకటిన్నర లీటరు పెట్రోలు ఇంజను కూడా ఉండేది. దాని లెక్క 112 పీఎస్, 140 న్యూటన్ మీటర్లు. కాగితం మీద తేడా కొంచెమే అనిపిస్తుంది గానీ, నడిపితే చాలా తెలుస్తుంది. పెద్ద ఇంజను తన పూర్తి టార్క్ ఇవ్వాలంటే 4,400 ఆర్‌పీఎం దాకా లాగాలి. చిన్నది 1,400 దగ్గరే మొత్తం ఇచ్చేస్తుంది. హైవే మీద లారీని దాటేటప్పుడు గేరు దించకుండానే బండి ముందుకు దూకేది అందుకే. పన్ను లెక్క కూడా దీనికే కలిసొచ్చింది. నాలుగు మీటర్లలోపు పొడవు, 1,200 సీసీలోపు పెట్రోలు ఇంజను ఉంటే చిన్న కారు కింద తక్కువ పన్ను. ఒకటిన్నర లీటరు పెట్రోలుకు ఆ రాయితీ లేదు.

మూడు సిలిండర్ల ఇంజను సహజంగానే ఊగుతుంది. ఆ ఊపు అణచడానికి చాలామంది లోపల అదనంగా ఒక బ్యాలెన్స్ షాఫ్టు పెడతారు. ఫోర్డ్ ఇంజనీర్లు అది పెట్టకుండా ఫ్లైవీలునీ ముందున్న పుల్లీనీ కావాలనే ఒక పక్కకు బరువెక్కించారు. ఆ వంకర బరువే ఇంజను ఊపును పక్కకు మళ్లిస్తుంది. నాకు తెలిసి ఈ ఇంజనులో అన్నిటికన్నా తెలివైన పని ఇదే. 2012, 2013, 2014 వరసగా మూడేళ్లు ఇంటర్నేషనల్ ఇంజన్ ఆఫ్ ది ఇయర్ బహుమతి దీనికే దక్కింది. తగినదే.

మరి ఇంత మంచి ఇంజనుకు చెడ్డపేరు ఎలా వచ్చింది?

టర్బో సంగతి చూడండి. సైలెన్సర్ వైపు పోయే వేడి పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసు మీద రెండో కొసన ఉన్న చక్రం గాలిని నొక్కి సిలిండర్లలోకి పంపుతుంది. ఈ ఇంజనులో ఆ ఇరుసు నిమిషానికి 2,48,000 చుట్ల దాకా తిరుగుతుంది. అంటే సెకనుకు నాలుగు వేలకు పైనే. ఆ వేగంలో దాన్ని మోసేది బేరింగుకీ ఇరుసుకీ మధ్య ఉండే పల్చటి ఆయిల్ పొర. పక్కనేమో నిప్పుల్లాంటి పొగ. ఆయిల్ పాడైనా, ప్రెషర్ తగ్గినా ముందు దెబ్బతినేది టర్బోనే. ఇది ఏ కంపెనీ టర్బోకైనా వర్తిస్తుంది.

ఎకోబూస్ట్‌లో ఇంకో చిక్కుంది. టైమింగ్ బెల్టు మామూలుగా ఇంజను బయట, పొడిగా తిరుగుతుంది. దీన్ని ఇంజను లోపల, ఆయిల్లో తడుస్తూ తిరిగేలా పెట్టారు. రాపిడి తగ్గుతుంది, చప్పుడు తగ్గుతుంది, చోటు కలిసొస్తుంది. బ్రిటన్‌లో దాని ఆయుష్షు పదేళ్లు లేదా లక్షన్నర మైళ్లు అని చెప్పారు, అంటే మన లెక్కలో 2,40,000 కిలోమీటర్లు. సరైన ఆయిల్ సమయానికి మారుతూ ఉంటే సరే. మారకపోతే రబ్బరు మెత్తబడి పొడిపొడిగా రాలుతుంది. ఆ పొడి కిందికి దిగి, సంప్‌లో ఆయిల్ పీల్చే స్ట్రైనరుకు పడుతుంది. టీ వడగట్టే జాలీకి ఆకు అడ్డంపడ్డట్టే! పంపు తిరుగుతూనే ఉంటుంది, ఆయిల్ మాత్రం పైకి రాదు. డ్యాష్‌బోర్డు మీద ఎర్ర లైటు వెలిగే సరికి టర్బో, క్రాంకు బేరింగులు రెండూ దెబ్బతినిపోయి ఉండొచ్చు.

బండి ఎక్కువగా తిరగలేదు కాబట్టి బాగుందనుకోవడం ఇక్కడే ప్రమాదం. పిల్లల్ని బడిలో దింపడం, కూరగాయలకు వెళ్లి రావడం, రోజూ మూడు నాలుగు కిలోమీటర్లు మాత్రమే నడవడం: ఇలాంటి బండిలో ఆయిల్ పూర్తిగా వేడెక్కదు. ఈ ఇంజనులో పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకే చిమ్ముతుంది. చల్లటి ఇంజనులో మండకుండా మిగిలిన పెట్రోలు ఆయిల్లో కలుస్తుంది. బాగా వేడెక్కితే అది ఆవిరైపోయేది, వేడెక్కకపోతే అలాగే ఉండి బెల్టు రబ్బరును తింటుంది. కాబట్టి మీటరులో ముప్పై వేలే ఉన్నా, ఏడాదికోసారి ఆయిల్ మార్చని ఊరి బండి కన్నా, లక్ష దాటి హైవేల మీద తిరిగి లెక్కగా సర్వీసయిన బండే నాకు నమ్మకం.

కూలెంట్ మాట కూడా చెప్పాలి. మొదట్లో వచ్చిన కార్లలో కూలెంట్ పైపు ఒకటి పగిలి, నీళ్లన్నీ కారిపోయి, ఇంజను హీటెక్కి హెడ్డు పోయిన సందర్భాలు బ్రిటన్‌లో ఉన్నాయి. ట్యాంకులో మట్టం వారానికోసారి చూసుకోండి, తగ్గుతుంటే ఊరుకోకండి.

ఫోర్డ్ తర్వాత 2018 ప్రాంతంలో టైమింగ్‌కు చైన్ పెట్టింది. ఆయిల్ పంపును తిప్పడానికి మాత్రం బెల్టే ఉంచింది. ఆ పంపు బెల్టును బిగించి ఉంచే టెన్షనర్ విరుగుతోందని 2023 చివర్లో అమెరికాలో సుమారు 1,39,000 కార్లను వెనక్కి పిలిచారు. వాటిలో 2018 నుంచి 2022 దాకా మోడల్ ఎకోస్పోర్టులు ఉన్నాయి. అమెరికాలో అమ్మిన ఎకోస్పోర్టులు మన చెన్నైలో తయారైనవే. 2021 సెప్టెంబరులో ఫోర్డ్ ఇక్కడ కార్ల తయారీ ఆపేస్తున్నానని చెప్పేసింది కనుక, ఇప్పుడు మనకు దొరికేవన్నీ పాతవే.

అందుకే నా షరతు. అలాంటి బండి చూడ్డానికి వెళ్తే ముందు రంగు, టైర్లు చూడకండి. ఆయిల్ మార్చిన బిల్లులు అడగండి. బిల్లు మీద 5డబ్ల్యూ-20 ఆయిల్, ఫోర్డ్ చెప్పిన గ్రేడుదే ఉందో లేదో చూడండి. మెకానిక్ షెడ్డులో ఏ డబ్బాలో ఉన్నది ఆ ఇంజనులో పోయించిన బండయితే బెల్టు నమ్మలేం. పదేళ్లకు దగ్గరపడితే బెల్టు మార్చారా అని అడగండి. మార్చలేదంటే ఈ ఇంజను విప్పిన అనుభవమున్న మెకానిక్‌తో సంప్ దింపించి స్ట్రైనర్ చూడమనండి, బెల్టు మార్చడానికయ్యే ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. బిల్లులూ లేవు, విప్పనివ్వనూ అంటే మరో మాట లేకుండా ఆ బండి వదిలేసి రండి.