తనకు తానే ఇచ్చుకున్న చిరునామా



ఈ వారం మందిరం ఆఫీసు గదిలోని కంప్యూటరు గురించి రాస్తున్నాము. ఇందులో ఆత్మీయ సంగతి ఏముంది అనుకోకుండా చివరిదాకా చదవండి.

పింఛను కాగితాలు, హాల్ టికెట్లు, పిల్లల స్కాలర్‌షిప్పులు ఇవన్నీ ఆ కంప్యూటరు మీదుగానే వెళ్తాయని మీకు తెలుసు. మొన్న అది నెట్‌కు కలవడం మానేసింది. డిగ్రీ చదివే మన సంఘపు పాప దరఖాస్తుకు మరునాడే ఆఖరి రోజు. స్కాన్ చేసిన కాగితాలన్నీ ఆ కంప్యూటరులోనే ఉన్నాయి. వాళ్లమ్మ మిరపకోత కూలి వదులుకుని వచ్చి బెంచీ మీద కూర్చుంది. "ఈసారి డబ్బులు రాకపోతే చదువు ఆపించాల్సిందే అయ్యగారూ" అంది, పాపకు వినబడకుండా.

గదిలో తలా ఒక మాట అన్నారు. నెట్ కంపెనీవాళ్లు ఇంతే అని ఒకరు, సర్కారు సైటు పడిపోయి ఉంటుందని ఒకరు, ఈ పాత డబ్బా తీసేసి కొత్తది కొనాలని ఒకరు. గమనించారా? అందరి వేళ్లూ దూరానికే చూపించాయి. ప్రార్థన చేసుకున్నాము. తరువాత బల్ల కింద నుండి వెదకడం మొదలుపెట్టాము. దగ్గర నుండి దూరానికి, ఒక్కొక్క అడుగే.

మొదట వైరు. కంప్యూటరు వెనుక వైరు గుచ్చినచోట చిన్న దీపం వెలుగుతూనే ఉంది. తరువాత నల్ల తెర తెరిచి ఐపీకాన్ఫిగ్ అని కొట్టాము. కంప్యూటరుకు ఉన్న చిరునామా కనబడింది. అది 169.254తో మొదలైంది.

ప్రియులారా, ఈ అంకెలను గుర్తుపెట్టుకోండి. కంప్యూటరు లేవగానే "నాకొక చిరునామా ఇవ్వండి" అని తన తీగ మీద ఉన్న అందరికీ వినబడేలా అడుగుతుంది. రౌటరు విని, "ఇదిగో, ఇది తీసుకో" అంటుంది. "సరే, అదే ఇవ్వండి" అని కంప్యూటరు అంటుంది. "నీకిచ్చాను" అని రౌటరు ఖాయం చేస్తుంది. అదీ శాశ్వతం కాదు, గడువుతో ఇచ్చినదే, మళ్లీ మళ్లీ అడిగి పొడిగించుకోవాలి. ఎంత అడిగినా ఎవరూ పలకకపోతే కంప్యూటరు 169.254తో మొదలయ్యే చిరునామాను తనకు తానే పెట్టుకుంటుంది. చూడడానికి అదీ చిరునామాయే. దానితో అదే తీగ మీద ఉన్న తనలాంటి వాటితో మాట్లాడగలదు. గడప దాటి బయటికి మాత్రం పోలేదు.

అంటే కంపెనీ మాట, సైటు మాట తరువాత. కంప్యూటరుకూ రౌటరుకూ మధ్యనే ఎక్కడో తెగింది.

అయినా పింగ్‌తో పరీక్షించాము. దీన్ని 1983లో మైక్ మ్యూస్ అనే అమెరికన్ రాశారు. జలాంతర్గామి నీటిలో శబ్దం పంపి ప్రతిధ్వని కోసం వినే పద్ధతిని బట్టి ఆ పేరు పెట్టారు. 127.0.0.1 అని కొడితే కంప్యూటరు తన్ను తానే పిలుచుకుంటుంది. జవాబు వచ్చింది. రౌటరును 192.168.1.1 అని పిలిచాము. జవాబు లేదు.

మన రౌటరు పక్కనే మా ఇంట్లో ఉంది. ఇంట్లో ఫోన్లకు నెట్ బాగానే వస్తోంది. అక్కడి నుండి వచ్చే వైరు ఆఫీసు అటక మీది చిన్న స్విచ్ పెట్టెకు చేరి, అక్కడి నుండి కంప్యూటరుకు వస్తుంది. కంప్యూటరు దగ్గర దీపం వెలిగించింది ఆ పెట్టె. పెట్టెకు ప్రాణం ఉంది, పై నుండి వచ్చే వైరుకే లేదు. యౌవనస్థుడొకడు నిచ్చెనెక్కి చూస్తే, కిటికీ పైన ఎలుక కొరికి ఉంది. లోపలి 8 సన్న తీగల్లో మూడు తెగిపోయాయి.

కొత్త వైరు లాగి, ఐపీకాన్ఫిగ్ రెన్యూ అని కొట్టాము. ఈసారి చిరునామా 192.168తో మొదలైంది. ఇది ఇచ్చినది, పుచ్చుకున్నది. రౌటరు పలికింది. బయట 8.8.8.8 పలికింది. సైటు తెరుచుకుంది. రాత్రి ఎనిమిదింటికి దరఖాస్తు వెళ్లింది. రసీదు చేతికిస్తే ఆ తల్లి దాన్ని మడిచి కొంగున ముడేసుకుంది.

ఇప్పుడు మన సంగతి. ఒక కుటుంబం కూడికలకు రావడం మానేస్తే "వాళ్లు చల్లబడిపోయారు" అంటాము. పట్నంలోని కొడుకు ఫోను చేయకపోతే "కోడలు మార్చేసింది" అంటాము. ముందు మన వైపు తీగ చూద్దాము. ఆ గడప తొక్కి ఎన్నాళ్లయింది? ఆ అబ్బాయి పోయినసారి ఫోను చేసినప్పుడు విన్నామా, దెప్పామా?

ఇంకొకటి. దీపం వెలుగుతోంది గదా, చిరునామా ఉంది గదా అని నిశ్చింతగా ఉండవద్దు. ప్రార్థనలో అడగడం మానేసి మనకు మనమే పెట్టుకున్న మంచిపేరు కూడా అలాంటిదే. మన గదిలో చెల్లుతుంది, గడప దాటదు. దినదినమూ అడిగి పుచ్చుకున్నదే మనల్ని కలుపుతుంది. ఈ వారం ప్రతి ఇంట్లో ఒక్క తీగనైనా వెదకి చూడండి. దగ్గరి నుండే మొదలుపెట్టండి.