ఆకురాయికి లొంగని పలక

రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికన్ సైనిక వాహనం ఎం3 హాఫ్‌ట్రాక్‌కు పక్కల 6.35 మిల్లీమీటర్ల కవచం, ముందు అద్దం మీదికి దించే పలకకు 12.7. పాత బండ్లను బాగుచేసేటప్పుడు కొందరు వీటి బదులు మామూలు ఇనుప రేకు బిగిస్తారు. రంగు పడ్డాక కంటికి తేడా తెలీదు. అయస్కాంతం రెండింటికీ అతుక్కుంటుంది, మందం ఒకటైతే బరువూ ఒకటే.

తేల్చేది ఆకురాయే.

బయటివైపు ఓ మూల రంగు గీకి రుద్దితే మామూలు ఉక్కు పొడిపొడిగా రాలుతుంది. పైపొరను గట్టిపరిచిన అసలు పలక మీదైతే ఆకురాయి జర్రున జారిపోతుంది. డ్రిల్లుతోనూ తెలుస్తుంది కానీ, అంత చరిత్ర చూసిన పలకకు కన్నం పెట్టడం అన్యాయం!

బోల్టులూ చూడాలి. ఆ గట్టి పలకలు వెల్డింగ్‌కు పగులుతాయి, అందుకే ఎం3కి బోల్టులు వేశారు. ఎం5 హాఫ్‌ట్రాక్ సంగతి వేరు: దాని కవచం దాదాపు 8 మిల్లీమీటర్లు, అతుకులు వెల్డింగ్‌వే.