సుట్టాల అర్ర

హన్మకొండలో మా ఇంటికి వంటిల్లు, హాలు కాక మూడు గదులు. ఒకటి మా ఇద్దరిది, ఒకటి పిల్లలది. తొమ్మిదడుగుల వెడల్పు, పదడుగుల పొడవున్న మూడోది మాత్రం ఎవరిదీ కాదు. అందులో బియ్యం బస్తాలు, పాత పేపర్లు, తిరగని కూలరు ఉండేవి. నా పుస్తకాలు డైనింగ్ టేబుల్ మీద ఉండేవి. అన్నాల వేళకు ఎత్తేదాన్ని, అన్నాలయ్యాక తుడిచి మళ్ళీ పరుచుకునేదాన్ని. ఇరవై ఏళ్ళు పరీక్ష పేపర్లు దిద్దిందీ, నాలుగు వ్యాసాలు రాసిందీ ఆ టేబుల్ మీదే. 1928లో వర్జీనియా వుల్ఫ్ కేంబ్రిడ్జిలోని మహిళా కళాశాలల్లో చేసిన ప్రసంగాలు మరుసటి ఏడు పుస్తకమయ్యాయి. రాసే స్త్రీకి సొంత ఆదాయం, సొంత గది కావాలన్న ఆ పుస్తకాన్ని ఎన్నో ఏళ్ళు పాఠం చెప్పాను. పాఠానికి తయారైంది కూడా ఆ టేబుల్ దగ్గరే!

రెండేళ్ళ కిందట మా ఆడపడుచు అమెరికా నుంచి ఫోన్ చేసింది. కుటుంబమంతా వస్తున్నారట. ఆ మాట వినగానే చిన్న గది ఖాళీ చేయాలన్న ఆలోచన ఇంట్లో అందరికీ ఒక్కసారే వచ్చింది. నేనడిగినప్పుడల్లా "సామానెక్కడ పెడతాం" అన్న ఇల్లే, సుట్టాలనేసరికి ఒక్క ఆదివారంలో సామానుకి చోటు చూపించింది.

"వదినా, ఇట్లా చేయిస్తే బాగుంటది" అంటూ ఒక ఫోటో కూడా పంపింది. బీచ్ కాటేజ్ స్టైల్ అట. తెల్లటి గోడలు, వెలిసినట్టుండే నీలం చారలు, పలచని కర్టెన్లు, రంగు రాలిన బల్ల, దాని మీద గిన్నె నిండా గవ్వలు. నవ్వొచ్చింది. మాకున్నవి చెరువులు. భద్రకాళి చెరువు, వడ్డేపల్లి చెరువు, కాస్త దూరం పోతే కాకతీయుల నాటి రామప్ప, పాకాల. సముద్రం చూడాలంటే రైలెక్కి బాపట్ల వైపు సగం రోజు ప్రయాణం చేయాలి. అయినా ఒప్పుకున్నాను. నిజం చెప్పొద్దూ, ఆ గదిని చక్కగా చూసుకోవాలన్న కోరిక నాకూ ఉంది. ఎనిమిది వేలు దాటొద్దని మావారు గీత గీశారు.

ఆ స్టైల్ ఎక్కడిదా అని కాస్త చదివాను. అమెరికా తూర్పు తీరంలో వేసవి విడిదిగా కట్టుకున్న చిన్న ఇళ్ళకి, పట్నం ఇంట్లో పాతబడ్డ సామాను తీసుకుపోయి వేసుకునేవాళ్ళట. ఎండకీ ఉప్పుగాలికీ అవి వెలిసిపోయేవి. ఉన్నదాంతో సర్దుకోవడమే తర్వాత స్టైల్ అయింది. ఇప్పుడు కొత్త బల్లకి పనిగట్టుకుని రంగు గీకి ఎక్కువ ధరకి అమ్ముతున్నారు. సర్దుకోవడం మన ఆడవాళ్ళకి ఒకరు నేర్పాలా?

రంగుల షాపువాడు చూపించిన తెలుపుకి సగం డబ్బులు పోయేట్టున్నాయి. అప్పుడు మా ఊళ్ళో దసరాకి ముందు అమ్మ వేసే సున్నం గుర్తొచ్చింది. సున్నంలో చిటికెడు నీలిమందు కలిపేది. ఎండ పడితే గోడ తెల్లగా, నీడలో లేత నీలంగా కనిపించేది. పాత డిస్టెంపర్ గీకించి, జిగురు కలిపిన సున్నం రెండు పూతలు వేశాను. అటక మీది మంచానికి కొత్త నవారు అల్లించాను. బొంత కుట్టుకొమ్మని అమ్మ ఎప్పుడో ఇచ్చిన రెండు నేత చీరలు కర్టెన్లయ్యాయి. ఉతికీ ఉతికీ వాటి నీలం ఆ ఫోటోలో ఉన్నట్టే వెలిసింది.

నేల మీదికి శత్రంజీల కోసం కొత్తవాడ వెళ్ళాను. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనకి వరంగల్ తివాచీలు వెళ్ళాయి. వరంగల్ శత్రంజీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నేను వెళ్ళిన ఇంట్లో మగ్గం మీద ఆయన కూర్చున్నాడు, గుమ్మం దగ్గర ఆమె కండెలు చుడుతోంది. నీలం, తెలుపు చారలవి రెండు తీసుకున్నాను. "నీకు రోజుకెంత పడుతుందమ్మా?" అని ఆమెనడిగాను. "నాకేంది? ఇది ఇంటి పనే గద" అని నవ్వింది.

ఇంటికొచ్చి లెక్క రాశాను. సున్నం, నీలిమందు, బ్రష్షులు 900. గోడ గీకినందుకు కూలి 1,500. శత్రంజీలు 2,400. నవారు, అల్లిక 700. బల్ల రుద్ది రంగు వేయడానికి 600. కర్టెన్ రాడ్లు 500. దీపం 650. మొత్తం 7,250. మావారు మెచ్చుకున్నారు. నా ఆరు ఆదివారాలు ఏ వరసలో రాయాలో నాకు తెలియలేదు. కండెలు చుట్టినామె పని శత్రంజీ ధరలో లేనట్టే, నాదీ ఆ కాగితంలో లేదు. తక్కువ ఖర్చులో అయిందంటే, ఎవరో ఒకరు లెక్కలోకి రాకుండా చేశారనే గదా!

గవ్వలు కొనలేదు. 1977 నవంబరులో దివిసీమని ఉప్పెన ముంచినప్పుడు వేలమంది పోయారు. సముద్రాన్ని గిన్నెలో పెట్టి ముచ్చటపడటం ఒడ్డుకి దూరంగా ఉన్నవాళ్ళకే కుదురుతుంది. కానీ ఓరుగల్లుకీ ఒకప్పుడు సముద్రం ఉండేది. కాకతీయుల రేవు మోటుపల్లి. సముద్ర వ్యాపారులకు భయం లేదని గణపతిదేవుడు 1244లో అక్కడ శాసనం వేయించాడు. ఈ రాజ్యాన్ని ఒక రాణి న్యాయంగా ఏలుతోందనీ, ఇక్కడి నూలుబట్ట సాలెగూడంత సన్ననిదనీ మార్కో పోలో రాశాడు. ఆ రాణి రుద్రమదేవే అంటారు చరిత్రకారులు. కర్టెన్లయిన ఆ చీరల్ని చూస్తే ఈ గదికి సముద్రం మరీ పరాయిదేం కాదనిపించింది.

సుట్టాలొచ్చారు. పది రోజుల్లో రెండు రాత్రులు ఆ గదిలో పడుకుని, ఏసీ లేదని హోటల్‌కి మారారు. ఫోటోలు మాత్రం చాలా తీసుకున్నారు. తర్వాత ఆ గది తలుపు దగ్గరికి వేసి ఉండేది.

ఆ చలికాలంలో అమ్మ కంటి ఆపరేషన్‌కి వచ్చింది. ఆ గదిలో పక్క వేశాను. అర్ధరాత్రి లేచి చూస్తే హాల్లో చాప మీద ముడుచుకుని ఉంది. మంచం మీది దుప్పటికి ముడత కూడా పడలేదు.

"ఇక్కడెందుకు పండుకున్నవమ్మా?"

"గది సుట్టాల అర్ర గద బిడ్డా. నేనేమన్న సుట్టాన్నా?"

కాసేపాగి తనే మళ్ళీ అంది, "బిడ్డింట్ల తల్లి మంచమెక్కి పండుకుంటె నలుగురేమంటరు?"

నాకు నిద్ర పట్టలేదు. సుట్టమూ కాదు, ఇంటి మనిషీ కాదు. మరి ఎవరు? పదిహేనేళ్ళకి పెళ్ళయింది. ఆ తర్వాత తల్లిగారింటికి బతుకమ్మకి సుట్టం. 1985 నుంచి ఉమ్మడి రాష్ట్రంలో అమలైన చట్టం పెళ్ళికాని ఆడపిల్లలకే వాటా ఇచ్చింది. అమ్మకి అప్పటికే పెళ్ళయింది. 2005లో కేంద్ర చట్టం పెళ్ళయినవాళ్ళకీ ఇచ్చేనాటికి మామయ్యలు పంపకాలు ఎప్పుడో చేసుకున్నారు. మా ఇంట్లో అమ్మ పడుకున్నది వంటింటి గడప దగ్గర. బాపు పోయాక అన్నయ్యల ఇళ్ళలో వంతులు. ఎనభై దగ్గరపడుతున్నా ఇది నా అర్ర అని చూపించడానికి ఆమెకి నాలుగు గోడలు ఎన్నడూ లేవు. నేనేమో రాని సుట్టాల కోసం ఆమె సున్నంతో, ఆమె చీరలతో గది అలంకరించి తలుపేసి పెట్టాను.

పొద్దున్నే నా పుస్తకాలన్నీ ఆ గదిలోకి మోశాను. "ఈ అర్ర ఇక నాది" అన్నాను. మావారు రెండ్రోజులు ముక్తసరిగా ఉన్నారు. మూడోరోజు ఆయనే బల్లని కిటికీ దగ్గరికి జరిపి, వెలుతురు ఎటు కావాలని అడిగారు.

రాత్రి అమ్మతో చెప్పాను, "ఇది సుట్టాల అర్ర కాదు, నాది. నాకు తోడుగ పండుకో." బిడ్డ పక్కన పడుకోవడానికి ఆమెకి అభ్యంతరం లేకపోయింది. పడుకుని కర్టెన్ అంచు పట్టి చూసి, "గిది నా చీరె గాదు?" అంది.

మరుసటిసారి వచ్చినప్పుడు తన సందుగ తెచ్చుకుంది. ఆకుపచ్చ రేకుది, మీద ఎర్రపూలు. నీలం, తెలుపుల మధ్య అది ఏ స్టైల్‌కీ లొంగదు. మంచం పక్కనే పెట్టాం.

మొన్న ఆడపడుచు ఫోన్ చేసింది. వచ్చే వేసవికి వస్తారట. "వదినా, ఆ బీచ్ రూమ్ అట్లనే ఉందా? మేమందులోనే ఉంటాం ఈసారి."

"అమ్మనడిగి చెప్తా" అన్నాను.