నేలమీద చెడిన యంత్రము

అమెరికాలోనున్న మా మేనల్లుడు తన యింటి కారుకొట్టులో విమానము కట్టుచున్నాడని మా చెల్లెలు చెప్పినప్పుడు మేము మొదట నవ్వితిమి. ఆమె నవ్వలేదు. "పాత మోటారుకారు ఇంజను తెచ్చి దానికి తగిలిస్తున్నాడట అన్నయ్యా! వాడు నీ మాట వింటాడు. మానుకోమని వ్రాయి" అని కన్నీరు పెట్టుకొన్నది.

వ్రాయుటకు కూర్చుంటిమి. కాని దేనిని మానుమని వ్రాయవలయునో మాకు తెలియదయ్యెను. పుస్తకము విప్పి చూడకయే ఆడుపిల్లలకు చదువు కూడదని తీర్పు చెప్పిన పెద్దలను మేము పలుమారు నిందించియున్నాము. ఇప్పుడు మేము చేయబోవునదియు నదియే కదా! కనుక ముందు ఆ యంత్రమెట్టిదో తెలిసికొన నిశ్చయించితిమి.

రోటరీ యంత్రమను పేరుతో రెండు వేరు వేరు వస్తువులున్నవి. 1914 నాటి యుద్ధములో విమానములకు వాడిన నోమ్ మొదలగు యంత్రములలో ఇరుసు నిలిచియుండగా సిలిండర్లన్నియు దాని చుట్టును తిరిగెడివి. వానికి కందెన మన యిండ్లలోని ఆముదమే. అది కాలి బయటికి చిమ్మగా ఆ పొగ వైమానికుల ముఖములపై కొట్టెడిది. మా మేనల్లుని యంత్రము ఆ జాతిది కాదు. ఇది జర్మనీ దేశస్థుడగు ఫెలిక్స్ వాంకెల్ కల్పన, ఎన్.ఎస్.యు. కంపెనీలో 1957లో మొదట నడిచినది. జపానులోని మాజ్దావారు 1967 మొదలు దీనిని కారులలో పెట్టి విక్రయించిరి.

దీనిలో పైకిని క్రిందికిని కొట్టుకొను పిస్టనులు లేవు, కవాటములు లేవు. నడుము కొంచెము నొక్కినట్లున్న గుండ్రని గదిలో, ఉబ్బిన ప్రక్కలుగల ముక్కోణపు దిమ్మ యొకటి తిరుగుచుండును. గాలిని పీల్చుట, నొక్కుట, మండించుట, వెడలగొట్టుట యను నాలుగు పనులును ఆ దిమ్మ చుట్టునే వరుసగా జరుగును. దిమ్మ యొకసారి తిరుగులోపల ఇరుసు మూడుసార్లు తిరుగును. గృహవిమాన నిర్మాతలు కోరుకొను మాజ్దా 13బి యంత్రములో ఇట్టి దిమ్మలు రెండు; ఒక్కొక్కదాని పరిమాణము 654 ఘన సెంటీమీటర్లు. కదలెడు పెద్ద భాగములు మూడే: రెండు దిమ్మలును ఇరుసును. విరుగునవి తక్కువ గనుక ఆకాశమున నమ్మదగినదని వారి వాదము.

వాదము మంచిదే, కాని కారు వేరు, విమానము వేరు. రహదారిపై కారు తన బలములో స్వల్పభాగమునే వాడును. విమానమో నేల విడుచునప్పుడు పూర్తి బలమును, పిమ్మట గంటల తరబడి అందులో అధికభాగమును కోరును. ఈ యంత్రపు వేడిలో పెద్దపాలు నూనె మోసికొనిపోవలయును. కనుక కారులోని నూనె చల్లార్చు పెట్టె చాలదు. వెలువడు పొగ మిక్కిలి వేడియైనది. సామాన్యమైన పొగగొట్టమును త్వరలో తినివేయును. ఇరుసు నిమిషమునకు 6,000 చుట్లు తిరుగును. పంకా అంత వేగముగ తిరిగినచో దాని కొనలు ధ్వనివేగమును దాటి బలము వ్యర్థమగును. అందుచేత నడుమ వేగము తగ్గించు గేరుపెట్టె నమర్చవలయును. కారులో లేని ఈ భాగములన్నిటికిని నిర్మాతయే పూచీ.

అమెరికా చట్టము దీనిని నిషేధింపలేదు. పనిలో సగమునకు మించి స్వయముగ చేసినవాడు తన విమానమును ప్రయోగవిమానముగ నమోదు చేయించుకొనవచ్చును. అయితే ఇట్టి యంత్రము గలది సాధారణముగా మొదటి 40 గంటలు జనసమ్మర్దము లేని చోట, ప్రయాణికులు లేకుండ ఎగిరి పరీక్షకు నిలువవలయును. ఆ దేశపు రవాణా భద్రతా మండలి 2012లో ప్రకటించిన పరిశీలనలో, గృహనిర్మిత విమానముల ప్రమాదములలో యంత్రము చెడుటయు, విమానము అదుపు తప్పుటయు ముఖ్యమైనవనియు, అవి తొలి గంటలలోనే ఎక్కువగా జరుగుచున్నవనియు తేలినది. మా చెల్లెలి భయము మూఢభయము కాదు.

అందుచే మానుమని వ్రాయక మూడు ప్రశ్నలు వ్రాసితిమి. ఆకాశమున యంత్రము ఆగినచో ఏమి చేయుదువు? నేలపై దానిని ఎంతకాలము నడిపితివి? నీవు గాక మరి యెవరు పరీక్షించిరి?

వాడు దాపరికము లేక బదులు వ్రాసెను. యంత్రమాగినను విమానము రాయివలె పడదట, జారుచు దిగును, బలము లేకుండ దింపుటను గురువువద్ద అభ్యసించినాడు. నేలకు కట్టివేసి నడిపినప్పుడు మొదటిసారి నూనె మరిగిపోగా ఆపివేసి, మరియొక చల్లార్చు పెట్టె చేర్చెను. రెండవసారి గేరుపెట్టె ముందుండి కుదుపులను మ్రింగు పలక పగిలెను, గట్టిది వేసెను. 1953లో స్థాపింపబడిన ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషనులో అనుభవజ్ఞులైన సభ్యులు కొందరు ప్రతిఫలము కోరక ఇట్టి విమానములను పరీక్షింతురు. అట్లు వచ్చిన వృద్ధుడొకడు పెట్రోలు గొట్టము పొగగొట్టమునకు చేరువగా పోవుచున్నదని చూపెనట. వాడు దానిని మూడుమారులు చూచియు కనిపెట్టలేదు. మరునాడే మార్చివేసెను.

లేఖ చదివి వినిపించి, రెండుసార్లు చెడినదని విన్న చెల్లెలు మరింత కలవరపడునేమో యని జంకితిమి. ఆమె కొంతసేపు ఊరకుండి, "నేలమీద చెడితే మంచిదే కదా అన్నయ్యా! వాడు చెప్పకపోయి ఉంటే భయపడేదాన్ని" అన్నది. మేము చదివిన దానిలో ఇంతకు మించిన వివేకము మాకు కనబడలేదు. తప్పును దాచుకొనక నలుగురి కన్నులయెదుట పెట్టుట యంత్రమునకే కాదు, సంసారమునకును సంఘమునకును కావలసిన గుణమే. మనమో, పిల్లవాడు తప్పు చెప్పగానే గద్దించి, మరుసటి తప్పును దాచుట నేర్పుచున్నాము.

విమానము ఎగిరినది. మాకు భయము తీరలేదు. తీరినదని వ్రాసిన అబద్ధమగును. మా చెల్లెలు పాలలెక్క వేసికొను గోడకాలెండరుపై ఇప్పుడు మరియొక వరుస పెట్టినది. వాడు దిగి ఫోను చేసిన ప్రతిసారియు గంటకొక గీత గీయుచున్నది. నేటికి 11 గీతలు. ఇంకను 29 మిగిలియున్నవి.