ఒకే పాత్రలో రెండు మన్నులు

మట్టిపాత్రకు వన్నె గూర్చుట రెండు విధములు. పాత్రను చేసిన పిదప పైని రంగు పూయుట యొకటి. వేర్వేరు వన్నెలుగల మన్నులను ముందే చేర్చి, ఆ ముద్దతోనే పాత్రను చేయుట రెండవది. ఈ రెండవ విధమున జేసిన పాత్ర పెచ్చురేగినను లోపలను అవే చారలు కానవచ్చును. కుమ్మరిపని నేర్చుకొనునపుడు నా మనస్సును మిక్కిలి యాకర్షించినది ఇదియే.

ఈ విద్య మిగుల ప్రాచీనమైనది. చీనా దేశమున తాంగు వంశపు రాజుల కాలమున (618–907) ఇట్టి పాత్రలు చేయబడినవి. పదునెనిమిదవ శతాబ్దమున ఇంగ్లాండులోని స్టాఫర్డుషైరు కుమ్మరులు చారల అగేటు రాతిని బోలిన పాత్రలను జేసిరి. వారిలో థామస్ వీల్డన్ (1719–1795) ప్రసిద్ధుడు. జపానులో దీనిని 'నెరియాగె' యందురు. అచ్చటి కసామా పట్టణమున నొక బౌద్ధాలయ పూజారియైన మత్సుయి కోసెయి (1927–2003) ఈ పనియందు ఆరితేరి, 'సజీవ జాతీయ నిధి' యని జనులు పిలుచు గౌరవమును 1993లో ఆ ప్రభుత్వమువలన బొందెను.

రెండు మన్నులను పలకలుగా దట్టి, ఒకదానిపై నొకటి పేర్చి, తీగతో గోసినచో చారలు కనబడును. మరల మరల పిసికినకొలది చారలు సన్నబడి, తుదకు రెండు వన్నెలును నశించి మురికిరంగు మిగులును. చేయి ఎప్పుడాపవలయునో యెఱుగుటయే యిందలి నేర్పు.

అసలు కష్టము ఆరుటలో నున్నది. మన్ను ఏదైనను ఆరునపుడును, కాలునపుడును కుదించుకొనును. ఒకటి యెక్కువగను, ఒకటి తక్కువగను కుదించుకొనినచో అతుకుకడ పగులును. కావున పనివారు ప్రతి మన్నుతోను చిన్న పలకను జేసి, దానిపై 10 సెంటీమీటర్ల గీత గీచి, కాల్చిన పిమ్మట కొలుతురు. గీత 9 సెంటీమీటర్లైనచో కుదింపు నూటికి 10 పాళ్లన్నమాట.

మా అక్కగారు వివాహమై దూరదేశమునకు బోవునపుడు, తన పుట్టినయూరి మన్నును, మా తండ్రిగారి యూరి మన్నును గలిపి యొక పూలపాత్రను జేసి యిమ్మని మా తల్లిగారు నన్ను గోరిరి. అమ్మగారి యూరి చెరువుమన్ను నలుపు. తండ్రిగారి యూరి మన్ను ఎఱుపు. ముందుగా పలకలు చేసి కాల్చితిని. చెరువుమన్నులోని నలుపు క్రుళ్లిన యాకులు మొదలగు వానివలన గలిగినది. ఆవములో నది కాలిపోయి, ఆ పలకయు ఎఱ్ఱగనే వచ్చినది. అమ్మగారు రెంటిని చేతబట్టుకొని చాలసేపు చూచి, "అట్లైన మా యూరు కనబడదా, నాయనా?" యనిరి.

చెరువుమన్ను గీత కుఱుచగా కూడ నుండెను. జల్లించిన యిసుకను జేర్చగా కుదింపు తగ్గినది. మాంగనీసు పొడిని కొంచెము చేర్చగా, కాలిన పిమ్మటను ముదురు గోధుమవన్నె నిలిచినది. ఆ పొడియు, కాల్చునపుడు వచ్చు పొగయు పీల్చినచో హానికరము. పిల్లలు దానిని ముట్టరాదు. రెండు మన్నులను సమానమైన తడిలో జేర్చి, పాత్రను మలచి, తడిగుడ్డ కప్పి మెల్లగా ఆరనిచ్చితిని. సగమారిన పిదప పైని పులుముకొనిన పొరను గీకగా చారలు తేటపడినవి. పాత్ర పగులక కాలినది. అమ్మగారు ముదురు చార నొకదానిని వ్రేలితో దడవి, ఏమియు ననక దానిని అక్కగారి పెట్టెలో బట్టలనడుమ నుంచిరి.

బాలబాలికలారా! మీ యూరి మన్నుతో నొక చిన్న పలకను జేసి, పెద్దల సహాయమున గాల్పించి చూడుడు. పచ్చిగా నున్నపుడు చూచిన వన్నెను బట్టి ఏ మన్నును నిర్ణయింపవలదు. రెంటిని గలుపదలచినచో, ముందు రెంటి తడిని సమము చేయుడు. పిమ్మట తొందరపడక ఆరనిండు.