రోగి గుట్టు ఎవరి చేతిలో ఉంది?



జబ్బు మనిషి ఉన్న ఇంట్లో సాధారణంగా ఒక ప్లాస్టిక్ సంచి ఉంటుంది. మందుల చీటీలు, రక్తపరీక్షల కాగితాలు, ఎక్స్‌రే ఫిల్ములు అన్నీ అందులోనే. నేను పరామర్శకు వెళ్లినప్పుడు ఆ సంచి విప్పి, "అయ్యగారూ, కొంచెం చూసి చెప్పండి" అని అడిగేవారు ఎందరో! అందులో ఒక్క కాగితం పోయినా అదే పరీక్ష మరల చేయించుకోవాలి, మరల డబ్బు కట్టాలి.

ఈ ఇబ్బంది తీర్చడానికి కేంద్ర ప్రభుత్వం 2021 సెప్టెంబరులో ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌ను దేశమంతటా ప్రారంభించింది. ఇందులో చేరినవారికి 'ఆభా' అనే 14 అంకెల సంఖ్య ఇస్తారు. అందరి రిపోర్టులూ ఒకేచోట కుప్పపోయరు. ఏ ఆసుపత్రి రిపోర్టు ఆ ఆసుపత్రి దగ్గరే ఉంటుంది. రోగి సమ్మతిస్తేనే మరొక వైద్యుడు దానిని చూడగలడు. ఇచ్చిన సమ్మతిని రోగి వెనక్కు తీసుకోవచ్చు కూడా.

మరి దొంగల మాటేమిటి? 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ కంప్యూటర్లపై దాడి జరిగింది. అంత పెద్ద ఆసుపత్రిలో దాదాపు రెండు వారాలు ఎన్నో పనులు చేతివ్రాతతోనే నడిచాయి. 2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చేసింది. సమాచారానికి తగిన కాపుదల కల్పించని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. 2025 నవంబరులో నియమాలు వెలువడ్డాయి. చట్టాన్ని దశలవారీగా అమలు చేస్తారు.

అయితే ఏ చట్టమూ మన చేతులను పట్టి ఆపలేదు. మా సంఘంలో ఒక అమ్మాయికి క్షయ అని తేలింది. బంధువొకరు మంచి మనసుతోనే ఆమె రిపోర్టును ఫోటో తీసి, ప్రార్థన చేయమని వాట్సాప్ గ్రూపులో పెట్టారు. సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది. ఆరు నెలల మందులతో జబ్బు నయమైంది. కుదరబోయిన సంబంధం మాత్రం తిరిగి రాలేదు. ఈ పని ఏ కంప్యూటరు దొంగ చేశాడు? ప్రార్థించడానికి రిపోర్టు అక్కరలేదు కదా! పేరైనా ఆమెను అడిగిన తరువాతే చెప్పాలి. హెచ్.ఐ.వి. సోకినవారి విషయంలో 2017 నాటి చట్టమే వారి గోప్యతను కాపాడమని ఆజ్ఞాపిస్తోంది.

మరొక మాట. ఆసుపత్రి కౌంటరు దగ్గర ఫోను చేతికిచ్చి, "నువ్వే చూసుకో బాబూ" అనే పెద్దలు మనలో ఉన్నారు. ఫోనుకు వచ్చే ఓటీపీ మన ఇంటి తాళంచెవి వంటిది. అది ఎందుకు అడుగుతున్నారో తెలుసుకోకుండా చెప్పకూడదు. సమ్మతి అడిగే మాటలను చదువుకున్న పిల్లలు పెద్దలకు చదివి వినిపించాలి. ఆ తరువాత నిర్ణయం వారికే విడిచిపెట్టాలి.

రోగి చలికి వణుకుతుంటే దుప్పటి కప్పుతాం. అతని గుట్టును కప్పడం కూడా పరిచర్యే.