పద్దెనిమిది గడులు

2024 మార్చి 31న యానిమేషన్ స్టూడియోలో పెన్ టాబ్లెట్ అప్పజెప్పి బయటికొచ్చాను. హైదరాబాద్‌లో 21 ఏళ్ల ఉద్యోగం. 2003లో చేరినప్పుడు లైట్‌బాక్సు మీద కాగితాలు పెట్టి ఇన్‌బిట్వీన్లు, అంటే ముఖ్య భంగిమల మధ్య వచ్చే బొమ్మలు, గీసేవాణ్ణి. మానేసేనాటికి మాయా సాఫ్ట్‌వేర్‌లో జూనియర్లు చేసిన షాట్లు సరిదిద్దేవాణ్ణి. నిజానికి మూడేళ్ల ముందే మానేయాల్సింది. ఎందుకు మానలేదో చెప్పాలంటే మా బోరు సంగతి చెప్పాలి.

2016లో కర్నూలు దగ్గర మా మూడెకరాల్లో నాయన బోరు వేయించాడు. నేను మూడు లక్షలు పర్సనల్ లోను తీసి పంపాను. 500 అడుగులు దాటినా తెల్ల దుమ్మే. లోతుకు పోయేకొద్దీ అడుగు రేటూ పెరుగుతుంది. "ఇంకో నూరడుగులు చూద్దామప్పా, ఇంతదాకా వచ్చినాక ఆపితే యెట్ల?" అన్నాడు ఫోన్లో. సరేనన్నాను. 750 దగ్గర రిగ్గువాళ్లే ఆపేశారు. శెనక్కాయ పైరు ఎండిపోయింది, లోను నాలుగేళ్లు కట్టాను. నాయన్ను నేనేమీ అనను. ఆ నేల మీద బతికినవాళ్లకు నీళ్ల ఆశ అట్లాంటిది. కానీ "ఈ ప్రాజెక్టు అయిపోనీ, ఈసారి ఇంక్రిమెంటు రానీ" అనుకుంటూ నేను స్టూడియోలో గడిపిన ఆ మూడేళ్లూ అలాంటి నూరడుగులే.

2013లో తీసుకున్న ఒక నిర్ణయం నన్ను కాపాడింది. ఆ ఫిబ్రవరిలో 'లైఫ్ ఆఫ్ పై'కి విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చింది. ఆ సినిమాలో పులిని చేసిన రిథమ్ అండ్ హ్యూస్ అదే నెలలో దివాలా పిటిషన్ వేసింది. వాళ్లకు హైదరాబాద్‌లోనూ స్టూడియో ఉండేది. అంత పని చేసినవాళ్లకే అలా అయితే మా గతేంటని ఆ వార్త విన్న రాత్రి నిద్రపట్టలేదు. మార్చి నుంచి నెలకు 5 వేలు సిప్ మొదలుపెట్టాను. బోరు లోను కట్టే రోజుల్లోనూ ఆపలేదు. 11 ఏళ్లలో కట్టింది 6,60,000. మానేసేనాటికి 12 లక్షలు దాటింది.

దెబ్బ తిన్నది గ్రాట్యుటీ దగ్గర. నెల జీతం 1,30,000 కదా, 21 ఏళ్లకు 15,75,000 వస్తుందనుకున్నాను. రాజీనామాకు ముందు అడిగితే 6,30,000 అన్నారు. అప్పటి చట్టం చూసింది బేసిక్, డీఏలనే. నా బేసిక్ 52 వేలు. దాన్ని 26తో భాగించి 15తో, 21తో హెచ్చవేస్తే అంతే. ఏటా చేతికొచ్చే మొత్తమే చూసుకున్నాను గానీ ఆ బేసిక్ గడి ఎన్నడూ చూడలేదు. మీ పేస్లిప్పు ఈ రాత్రే తీసి చూడండి.

ఇంకొకటి ఇన్సూరెన్సు. కంపెనీ గ్రూపు పాలసీలో నాయన కూడా ఉన్నాడు. 71 ఏళ్లు, బీపీ, షుగరు. నా ఉద్యోగంతోపాటే అదీ పోతుంది. గడువు ముగిసేలోపు అదే ఇన్సూరెన్సు సంస్థలో వ్యక్తిగత పాలసీకి మారితే అప్పటిదాకా గడిచిన వెయిటింగ్ పీరియడ్ లెక్కలోకి వస్తుందని తోటి ఆర్టిస్టు చెప్పేదాకా నాకు తెలియదు. సెలవులు అమ్ముకున్న డబ్బుతో ప్రీమియం కట్టాను. పీఎఫ్ మాత్రం కదపలేదు. ఉద్యోగం మానాక పడే వడ్డీకి పన్ను ఉంటుంది, అయినా 2023-24కు ఇచ్చిన 8.25 శాతం నాకు మంచిదే.

మా పనిలో ఎక్స్‌పోజర్ షీటు ఉంటుంది. గడికొక ఫ్రేము, సెకనుకు 24. పాత షీటొకటి తీసి ఫ్రేముల చోట నెలలు రాశాను. కర్నూల్లో సొంతిల్లు, ఖర్చు నెలకు 35 వేలు. గ్రాట్యుటీ ఒక్కటే 18 గడులు నింపింది. ఆ రాత్రే రాజీనామా రాశాను.

ఇప్పుడు వారానికి రెండు రోజులు నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా బస్సులో కడప వెళ్లి పిల్లలకు యానిమేషన్ నేర్పుతాను. మొన్నొక అమ్మాయి వాళ్ల జేజి నడక గీసింది. కుడికాలు ఆనించే ముందు రెండు ఫ్రేములు ఆగుతుంది, మోకాలి నొప్పి కాబట్టి. అది నేను చెప్పింది కాదు, తనే చూసి పట్టుకుంది.

పాఠాల డబ్బు ఇంటి ఖర్చుకు సరిపోయిన నెల షీటులో గడి కొట్టెయ్యను. 15 నెలల్లో 11 కొట్టేశాను. ఏడు మిగిలాయి.